వేలెడు తక్కువ

ఆ పడవలో కప్పీలు రెండు. ఒకటి కేబులు జారే ఇనుప చక్రం. రెండోది దాని పక్కన ముప్పై ఏళ్ళుగా నిలబడ్డ మనిషి. జీతాల రోజున గుమాస్తా అసలు పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి ఆ మనిషి పలికేవాడు కాదు. పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచేవాడు.

అది చేపల పడవ కాదు. సముద్రం అడుగున ఏవేవి బతుకుతున్నాయో బొమ్మలు తీసుకొచ్చే సర్వే పడవ. నడుమెత్తు ఇనుప చట్రం, అందులో కిందికి చూసే కెమెరా, అటూ ఇటూ దీపాలు. దాన్ని కేబులుకు కట్టి, ఆ కేబులు చుట్టే వించి మీదుగా ముప్పై బారల లోతుకు దింపుతారు. నేలకు బారెడు ఎత్తున ఆగాలి. తగిలితే బురద లేచి బొమ్మ పాడు. మరీ పైనుంటే ఏదీ కంటికి ఆనదు. ఆ బారెడు ఎత్తు నిలబెట్టడమే కప్పీ పని. కెమెరా తెర చూసి చేద్దామని వేరేవాళ్ళు ప్రయత్నించారు గాని, తెర మీద నేల కనబడేసరికే చట్రం నేలను గుద్దేది. కప్పీ తెర చూడడు. కేబులు మీద అరచెయ్యి ఆనించి, డాక్టరు నాడి చూసినట్టు చూస్తాడు. "వచ్చింది," అంటాడు. రోజు మొత్తం మీద అతను ఆడే మాటల్లో సగం అదే.

అంత పనిమంతుడికీ ఒక మచ్చ పడింది. రెండేళ్ళ కిందటి మాట.

ఆ మధ్యాహ్నం నీరు ఉరవడిగా లాగుతోంది. పడవ తనంతట తానే, నీటి అడుగునున్న రాతి తిప్ప వైపు జరుగుతోంది. కేబులు కప్పీ అరచేతిలో జివజివలాడుతోంది.

"సార్, ఎత్తేద్దాం. నీరు బాగా లాగుతోంది," అన్నాడు.

పెద్దసారు తెర ముందు నుంచి తల తిప్పలేదు. సర్వే మొత్తానికి ఆయనే పెద్ద. చదువుకున్నవాడు, చురుకైనవాడు. ఒకరి మాట వింటే తన మాట తగ్గిపోతుందనుకునేవాడు. "ఇంకొక్క నిమిషం," అన్నాడు.

కప్పీ మూడుసార్లు చెప్పాడు. నోరు విప్పడమే అరుదైన మనిషి ఒకే మాట మూడుసార్లు అనేసరికి చుక్కాని దగ్గరున్న సరంగు కూడా తిరిగి చూశాడు. ఆ ఒక్క నిమిషం మూడు నిమిషాలైంది. చట్రం రాతి కింద ఇరుక్కుంది. కేబులు టప్పున తెగింది. కెమెరా, దీపాలు, చట్రం, అన్నీ నీళ్ళపాలు.

మర్నాడు ఆఫీసు నోటీసు బోర్డు మీద నష్టం కాగితం అంటించారు. అందులో 'కారణం' అన్న గడిలో పెద్దసారు చేతిరాత: "వించి మనిషి మద్యం మత్తులో ఉన్నాడు."

కప్పీ మూడో తరగతితో బడి మానేసినవాడు. కూడబలుక్కుని చదివాడు. 'మద్యం' దగ్గర ఒకసారి, 'మత్తు' దగ్గర ఒకసారి ఆగాడు. అతను పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. తండ్రి ఆ తాగుడుతోనే పోయాడు. ఆ వాసన సోకితే వీధి దాటి అవతలి వైపు నడుస్తాడు. పక్కన సరంగు కూడా చదివాడు. చదివి, "పోనీలే బావా, నాలుగు రోజులు పోతే ఎవరికి గుర్తుంటుంది?" అని తన చెప్పుల వంక చూసుకున్నాడు. నిజం తెలిసిన రెండో మనిషి అతనే. కాని ఇద్దరు పిల్లల చదువులు అతని నోటికి తాళం వేశాయి.

అదైనా కప్పీ దిగమింగేవాడేమో. వించి నుంచి తప్పించి తాళ్ళు కడిగే పనిలో వేశారు. దానికీ తల వంచేవాడేమో. కాని ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. కబురు అతనికన్నా ముందే ఇల్లు చేరింది.

"ఏదీ, ఒకసారి నోరు తెరవండి," అంది.

ముప్పై ఏళ్ళ కాపురం. 'మా ఆయనకు ఏ అలవాటూ లేదు' అని నలుగురిలో తల ఎత్తుకుని చెప్పుకునే ఇల్లాలు. అతను తెరిచాడు. ఆమె మునివేళ్ళ మీద లేచి, ముక్కు దగ్గరగా తెచ్చి వాసన చూసింది. చూసి, మొహం ఎర్రబడి, "నాకు తెలుసులెండి. ఊరికే," అంది. లోపలికి వెళ్ళి, కొత్త అల్లుడికి వడ్డించినట్టు కొసరి కొసరి వడ్డించింది. అతను కలిపిన అన్నమే మళ్ళీ మళ్ళీ కలిపాడు.

నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ క్షణం కప్పీ గుండెలో గడ్డకట్టింది. ఆ మాట రాసిన చెయ్యే నలుగురి ముందూ తన తప్పు తాను రాసుకోవాలి. అంతకు తక్కువ దేనికీ ఆ గడ్డ కరగదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటుంటే కదా.

ఏడాది దాటేసరికి ఇద్దరు వించి మనుషులు మారారు, అరువు తెచ్చిన చట్రంలో మూడు కెమెరా అద్దాలు పగిలాయి. గత్యంతరం లేక పెద్దసారు కప్పీని పిలిపించాడు. ఒక మంచిమాట లేదు, క్షమాపణ లేదు. "రేపటి నుంచి వించి దగ్గరికి వచ్చెయ్. ఈసారైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్," అన్నాడు.

కొత్త సీజనుకు కొత్త చట్రం వచ్చింది. లేతు షాపువాడు అన్నీ చేసిచ్చాడు గాని ఎర్ర దీపాల పట్టీ ఒక్కటే ఇవ్వలేదు. దాని సంగతి కాస్త చెప్పాలి. చట్రానికి, ఆ పట్టీ మీద బిగించిన రెండు సన్నటి లేజరు దీపాలుంటాయి. అవి సముద్రపు నేల మీద రెండు ఎర్ర చుక్కలు వేస్తాయి. చుక్కకీ చుక్కకీ మధ్య సరిగ్గా పది సెంటీమీటర్లు ఉండాలి. బొమ్మలో ఏది పెద్దదో ఏది చిన్నదో కంటికి తెలియదు. గులకరాయి కూడా బండలా కనబడుతుంది. ఆ రెండు చుక్కల్ని పట్టుకునే ఆఫీసులో కంప్యూటరు మీద మీటరు చదరం గీస్తారు. ఆ చదరం లోపల ఎన్ని ప్రాణులున్నాయో లెక్కపెడతారు. చుక్కల ఎడం తప్పితే చదరం తప్పు. చదరం తప్పితే మూడు నెలల పనీ తప్పు.

పట్టీకి ఇంకో వారం పడుతుందన్నాడు లేతు షాపువాడు. వారం ఆగే ఓపిక పెద్దసారుకేదీ? స్టోరు మూలన పడి ఉన్న పాత చిన్న కెమెరా పట్టీ తీసి, తన చేత్తోనే బిగించేశాడు. కప్పీని దగ్గరికి రానివ్వలేదు. మామూలుగా సీజను మొదట్లో చట్రాన్ని యార్డులోని నీళ్ళ తొట్టిలో దింపి, అడుగున గళ్ళ పలక పెట్టి, చుక్కల ఎడం కొలిచి, కొలత కాగితం మీద సంతకం చేస్తారు. ఆ ఏడు తొట్టి ఎండిపోయి, అందులో సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. సంతకం మాత్రం పడింది.

మొదటి రోజు పని అయ్యాక కప్పీ మంచినీళ్ళు పోసి చట్రం కడుగుతున్నాడు. ఉప్పు పేరుకోకుండా పట్టీ తుడుస్తుంటే, రెండు దీపాల మధ్య నాలుగు వేళ్ళూ ఒత్తుగా పట్టాయి. బెత్తెడు. అతను ఆగాడు. పాత చట్రం మీద ఇదే చోట బెత్తెడు పోగా ఇంకో వేలు పట్టేది. పన్నెండేళ్ళు తుడిచిన చెయ్యి, మర్చిపోతుందా? మళ్ళీ పెట్టి చూశాడు. నాలుగు వేళ్ళే. ఐదో వేలికి చోటు లేదు.

"సార్," అని పిలిచాడు.

పెద్దసారు తిరిగి చూసి, "చెయ్యి తియ్యవయ్యా! ఆ వణికే చేతులతో కదిపావంటే మళ్ళీ నేనే సర్దుకు చావాలి," అన్నాడు. పక్కనున్న ఇద్దరు ఇకిలించారు.

కప్పీ చేతులు ఏనాడూ వణకలేదు. ఆ చేతుల్ని తీసేశాడు. గుడ్డ పిండి ఆరేశాడు. నాలుక మీదికొచ్చిన మాటను వెనక్కి మింగాడు. మింగుతుంటే, ఇన్నాళ్ళకు మొదటిసారి లోపల చల్లగా అనిపించింది.

సీజను చివర పెద్ద మీటింగు ఉంటుంది. నేల గీకే వలలు లాగే పడవల యజమానులు వస్తారు. గాలాలు వేసుకు బతికేవాళ్ళు వస్తారు. పైనుంచి అధికారులు, పేపర్లవాళ్ళు వస్తారు. అందరి ముందూ పెద్దసారు తెర మీద బొమ్మలు వేసి లెక్కలు చదువుతాడు. అప్పుడు తను లేస్తాడు. ఒకే ఒక్క మాట అడుగుతాడు.

ఆ మాటను మూడు నెలలు బుగ్గన పెట్టుకుని చప్పరించాడు కప్పీ. నలభై రెండు చోట్ల చట్రం దింపారు. దింపిన ప్రతిసారీ తనకు తెలుసు, ఇంకో తప్పు కిందికి పోతోందని. "వచ్చింది," అనేవాడు. ఆ మాటలో తీపి అతనొక్కడికే తెలుసు.

"ఏంటి బావా, ఈమధ్య మొహం వెలిగిపోతోంది?" అని సరంగు వేళాకోళమాడాడు ఒకరోజు. "మా అక్క మళ్ళీ కొత్తగా కాపురానికొచ్చిందా?"

"నీ చుక్కాని చూసుకో."

"అదిగో, రెండు మాటలు ఎక్కువే మాట్లాడావు. ఏదో ఉంది!"

కప్పీకి ఒక్కతే కూతురు. అదే ఆఫీసులో, మేడ మీద లెక్క గదిలో పని. పడవ తెచ్చిన బొమ్మల మీద చదరాలు గీసి, లోపలి ప్రాణుల్ని ఒక్కొక్కటే గుర్తుపెట్టి లెక్కించేది ఆమే. చదువు తండ్రికి రానిదంతా ఆమెకొచ్చింది. మాటలు కూడా అంతే. సాయంత్రం పడవ దిగాక కప్పీ మేడెక్కి ఆమె పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఆమె పని ముగిస్తే ఇద్దరూ బస్సెక్కేవారు. కిటికీలకు నల్లటి తెరలు, గోడకు స్పాంజీల పటం, తరగతి గదిలోలా ప్రాణుల పేర్ల జాబితా. ఆమె కళ్ళు ఎర్రబారి ఉండేవి. చల్లనీళ్ళలో తడిపిన రుమాలు కళ్ళ మీద వేసుకుని, రెండు నిమిషాలాగి, మళ్ళీ మొదలుపెట్టేది.

"ఈ ఏడు వింతగా ఉంది నాన్నా," అంది ఒకరోజు. "ఒక్కొక్క స్పాంజి కుండలా బలిసింది. ఆ విసనకర్ర పగడం చూడు, ఇంత పెద్దది నేనెప్పుడూ కొలవలేదు. కాని పల్చగా ఉన్నాయి. పోయినసారి చదరంలో నాలుగు దొరికిన చోట ఇప్పుడు రెండు."

"ఊఁ," అన్నాడు కప్పీ.

"సారు ఎగిరి గంతేస్తున్నారు. ఎక్కడా లేనంత పెద్ద పగడాలు మన తిప్ప మీదే ఉన్నాయని మీటింగులో చెప్తారట. పేపర్లో బొమ్మ వేయించుకుంటారట."

కప్పీ మొహం తిప్పుకున్నాడు. లేకపోతే నవ్వు బయటపడేది. వేయించుకోనీ. ఎంత పెద్ద బొమ్మ వేయించుకుంటే అంత మంచిది.

మీటింగు ఇంకో నాలుగు రోజులుందనగా, కూతురు మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది?" అన్నాడు. అతను అడగడమే విశేషం.

"అయిపోయింది నాన్నా. నాలుగు వేల బొమ్మలు. సగటున రెండుంపావు కూడా రాలేదు. చదరానికి మూడు ఉంటేనే తిప్ప మీద వలలు వెయ్యకుండా మూసేస్తారు. లేకపోతే తెరిచేస్తారు. తెరిస్తే ఒక్క సీజనులో దున్నేస్తారు. ఇవి వేలెడు పెరగడానికి పదేళ్ళు పడుతుంది." కళ్ళు తుడుచుకుంది. "నేనే సరిగా లెక్కపెట్టలేదేమోనని మూడొందల బొమ్మలు మళ్ళీ చూశాను. అంతే వచ్చింది."

కప్పీ ఆ కుర్చీలో కదిలాడు. మూడు నెలల్లో మొదటిసారి బుగ్గనున్న మాట చేదుగా తగిలింది. పర్వాలేదు, మీటింగులో తను చెప్తాడు కదా, అప్పుడే సరిచేస్తారు, అని సర్దిచెప్పుకున్నాడు.

"సారు ఏమన్నారు?"

"ఏమంటారు? 'లెక్కలో తేడా వస్తే నీదే పూచీ' అని కొత్త కాగితం ఇచ్చారు. చదరాలు గీసినవారు అన్న గడిలో నా సంతకం తీసుకున్నారు."

"పెట్టావా?"

"పెట్టాను. ఏం?"

కప్పీకి ఆ నోటీసు బోర్డు కళ్ళ ముందుకొచ్చింది. మళ్ళీ గడి. తను మీటింగులో వేలు చూపిస్తాడు. పెద్దసారు ఆ వేలును అలాగే పట్టుకుని లెక్క గది వైపు తిప్పుతాడు. అప్పుడు కారణం గడిలో తండ్రి, ఇప్పుడు కూతురు. రాయి విసురుదామని చెయ్యెత్తితే, ఎదురుగా తన పిల్ల నిలబడి ఉంది.

ఇప్పుడే, ఇక్కడే చెప్పేస్తే సరిపోతుంది. 'అమ్మా, పట్టీ తప్పు. ఎనిమిదే ఉంది' అంటే చాలు. ఆమె పరిగెత్తుకెళ్ళి సారుకు చెప్తుంది. సారు తలుపు మూసి, పట్టీ మార్పించి, మీటింగు వాయిదా వేయించి, 'సాంకేతిక కారణాలు' అని రాసి, మళ్ళీ ఎప్పటిలాగే పెద్దసారుగా కుర్చీలో కూర్చుంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు.

"మీ ఫైల్లో కొలత కాగితం ఉంటుందా?" అని మాత్రం అడిగాడు.

"ఆఖరు పేజీ అదే. ఎందుకు నాన్నా?"

"ఊరికే. పద, బస్సు పోతుంది."

మీటింగు రోజు పొద్దున చట్రాన్ని హాల్లోకి మోసుకొచ్చింది కప్పీయే. పేపర్లవాళ్ళు ఫొటో తీసుకోవడానికి వేదిక పక్కన నిలబెట్టమన్నారు. నిలబెట్టాడు. పట్టీని మెరిసేదాకా తుడిచాడు.

హాలు నిండింది. ముందు వరుసలో వలల యజమానులు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. గాలాలవాళ్ళు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. వేదిక మీద, నెరిసిన జుట్టు బిగించి కట్టుకున్న అధికారిణి ఒకావిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది. పెద్దసారు కొత్త కోటు వేసుకొచ్చాడు. పెద్ద పగడాల బొమ్మలు వేసి అరగంట మాట్లాడాడు. చివరికి, "చదరానికి సగటు రెండు పాయింట్ రెండు," అన్నాడు. ముందు వరుసలో ఒకాయన పక్కాయన తొడ మీద చరిచాడు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?"

కప్పీ వెనక నుంచి నడిచి ముందుకొచ్చాడు. "సార్, ఆ ఎర్ర దీపాల పట్టీ ఒకసారి కొలవండి."

"ఏమయ్యా, ఇప్పుడా ఆ గొడవ? వెళ్ళి నీ పని చూసుకో."

"ఇదే నా పని సార్."

"ఏం పట్టీ? ఏమిటి సంగతి?" అంది అధికారిణి.

కప్పీ చెప్పాడు. బతుకులో అంత పొడుగు మాట అతను మాట్లాడలేదు. "దీపాల మధ్య పది ఉండాలమ్మా. అంటే నా చేతికి బెత్తెడూ, ఇంకో వేలూ. ఇక్కడ బెత్తెడే ఉంది. చుక్కలు దగ్గరైతే చదరం చిన్నదవుతుంది. చిన్న చదరంలో ప్రాణులు తక్కువ పడతాయి. పడ్డవేమో పెద్దగా కనబడతాయి. అంతే."

"వేళ్ళతో కొలిచాడట!" అని ముందు వరుసలో ఒకాయన పకపకలాడాడు. "రేపు జానలతో సముద్రం కొలుస్తాడు!"

అధికారిణి నవ్వలేదు. "ఎవరి దగ్గరైనా స్కేలుందా?" అంది. స్కేలొచ్చింది. "మీరే కొలవండి," అని పెద్దసారుకిచ్చింది.

పెద్దసారు వంగాడు. కొత్త కోటు వీపు మీద బిగిసింది. స్కేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఎంత?"

"ఎని..." గొంతు సవరించుకున్నాడు. "ఎనిమిది."

మైకు ఆపడం మర్చిపోయారు. ఆ ఎనిమిది హాలంతా వినిపించింది.

అధికారిణి కప్పీ కూతుర్ని పిలిచింది. ఆమె తెర మీద ఒక బొమ్మ తీసి, చుక్కల ఎడం ఎనిమిది అని కంప్యూటరుకు చెప్పి, చదరాన్ని మళ్ళీ గీసింది.  గీత నాలుగు వైపులా జరిగి పెద్దదైంది. ఇందాక బయటున్న స్పాంజి ఒకటి, పగడం ఒకటి లోపలికొచ్చాయి. రెండు కాస్తా నాలుగయ్యాయి. వెనక గోడకున్న గాలాలవాళ్ళలో ఎవరో ఈల వేశారు. ముందు వరుసలో చాపిన కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాయి.

పెద్దసారు తేరుకున్నాడు. కప్పీ అనుకున్నట్టే తేరుకున్నాడు. "బొమ్మల మీద పనిచేసేవాళ్ళు దీన్ని పసిగట్టి ఉండాల్సింది. చదరాల బాధ్యత తనదని లెక్క గదిలో ఈ అమ్మాయి సంతకం చేసింది," అన్నాడు.

కూతురు మొహంలో నెత్తురు లేదు.

"ఆఖరు పేజీ చూడండమ్మా," అన్నాడు కప్పీ.

అధికారిణి ఫైలు తిప్పి పైకి చదివింది. "'తొట్టిలో నేనే స్వయంగా కొలిచాను. పది సెంటీమీటర్లు.' ఈ సంతకం మీదేనా?"

"తొట్టిలో నీళ్ళు లేవు. సిమెంటు బస్తాలున్నాయి. ఇప్పుడూ ఉన్నాయి, వచ్చి చూడొచ్చు," అన్నాడు కప్పీ.

"ఇతని మాట నమ్మకండి మేడమ్! ఇతను తాగి పనిలోకొచ్చి కెమెరా పోగొట్టినవాడు, రికార్డుంది!"

"తాగలేదండీ." ఈ మాట అన్నది సరంగు. సారు మునిగిపోతున్నాడని తేటతెల్లమయ్యాక అతనికి ధైర్యమొచ్చింది. "ఆ రోజు నేను చుక్కాని దగ్గరున్నాను. ఎత్తేద్దామని మూడుసార్లు చెప్పాడు. సారే వినలేదు."

హాల్లో గుసగుసలు. అధికారిణి కళ్ళజోడు తీసి కప్పీనే చూసింది.

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

ఈ ప్రశ్న వస్తుందని కప్పీ అనుకోలేదు. 'ఈ పొద్దున తుడుస్తుంటే' అనొచ్చు. అంటే తను బయటపడతాడు. కాని, వించి మనిషి వేళ్ళకు ఒక్క పూటలో తెలిసింది, చదువుకున్న లెక్క గదికి మూడు నెలలు ఎందుకు తెలియలేదని ఎవరో ఒకరు అడుగుతారు. నిజం చెబితే తప్పు దాచినవాడి మీదే నిలుస్తుంది. కూతురు అటే చూస్తోంది.

"మొదటి రోజే," అన్నాడు.

"మొదటి రోజా? మరి మూడు నెలలు ఎందుకు చెప్పలేదు?"

"ఆయన ఈ గదిలో కొలవాలని."

పేపర్లవాళ్ళలో ఒకడు గబగబా రాసుకున్నాడు.

ఆ తర్వాత అన్నీ త్వరగా జరిగాయి. తిప్ప తెరిచే మాట ఆపేశారు. బొమ్మలన్నీ మళ్ళీ లెక్కపెట్టమన్నారు. తప్పుడు సంతకం పెట్టినందుకు పెద్దసారు, తెలిసీ దాచినందుకు కప్పీ, ఇద్దరూ ఆ పూటే పనిలోంచి దిగిపోవాలన్నారు. వెళ్ళేముందు పెద్దసారు చేత అక్కడే, టేబుల్ మీద, అందరూ చూస్తుండగా రాయించారు: "కొలత తప్పు నాది. వించి మనిషి తాగి ఉన్నాడని రాసింది అబద్ధం." కప్పీ పక్కనే నిలబడి, ప్రతి అక్షరం పడేదాకా కూడబలుక్కుని చదివాడు. గుండెలో గడ్డ కరిగింది. అబద్ధమెందుకు, హాయిగా కరిగింది.

వరండాలో కూతురు ఎదురైంది.

"నాలుగు వేల బొమ్మలు నాన్నా."

"ఊఁ."

"నా కళ్ళు మంటలెత్తుతుంటే పక్కనే కూర్చున్నావు. పల్చబడిపోయాయని నేనేడిస్తే విన్నావు. నా లెక్కే తప్పేమోనని మూడొందలు మళ్ళీ చూశానంటే, అదీ విన్నావు."

"నీ పేరు రాకుండా చూశాను."

"నా పేరు సంగతి నేనడిగానా?"

కప్పీ జేబులోని తుడుపు గుడ్డ తీసి మడతపెట్టాడు. ఆమె ఆ గుడ్డ వంక చూసింది.  "ఇంటికెళ్ళు. ఇక్కడ నీకు పని లేదు," అని మేడెక్కింది. మేడ మీద లెక్క గది తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

బస్టాపులో పెద్దసారు నిలబడి ఉన్నాడు. ఆఫీసు కారు ఆఫీసుదే అయింది. ఆయన చేతుల్లో అట్టపెట్టె. అందులో పుస్తకాలు, కాఫీ కప్పు, గోడ గడియారం. వేరే ఎవరూ లేరు. 

"ఆ ఒక్క మాటకి ఇంత చేశావా?" అన్నాడు పెద్దసారు.

కప్పీ బస్సు వచ్చే వైపు తొంగి చూశాడు.

"నిజం చెప్పనా? రాసింది కూడా నాకు గుర్తులేదు. కారణం గడి ఖాళీగా వదిలితే పైవాళ్ళు కాగితం తిప్పి పంపేస్తారు. ఏదో ఒకటి నింపాలి కదా. చేతికొచ్చింది రాశాను. నీ మీద కోపంతో కాదు."

కోపంతో రాశాడనుకుని రెండేళ్ళు మోశాడు కప్పీ. కోపం కూడా కాదట. గడి నింపడానికట. కరిగిందనుకున్న చోట మళ్ళీ ఏదో బరువుగా కదిలింది. ఈసారి దాన్ని ఎవరి మీదికి విసరాలో తెలియలేదు.

బస్సొచ్చింది. ముందు కప్పీ ఎక్కాడు. ఒక్కటే సీటు ఖాళీగా ఉంది, కూర్చున్నాడు. పెద్దసారు ఎక్కి, పక్కనే, ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ సామాను ఒళ్ళో పెట్టుకోవడం ఆ బస్సులో అందరూ చేసేదే. ఎదుటి సీటులో ఒక ముసలమ్మ అప్పటికే ఎవరి సంచీనో పట్టుకుని ఉంది. కప్పీ చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని మోకాళ్ళ మీద బోర్లించుకుని కూర్చున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా పెట్టెలో కాఫీ కప్పు గడియారానికి కొట్టుకుని టింగుమనేది.

అతను దిగే చోటు వచ్చింది. లేస్తే ఆ సీటు ఆయనకు దొరుకుతుంది. లేవలేదు. ఇంకో స్టాపు పోయింది. ఇంకోటి. మూడోదాంట్లో పెద్దసారు పెట్టె ఎత్తుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు. అప్పుడు కప్పీ లేచి, వెనక మెట్ల మీదుగా దిగి, మూడు స్టాపుల దూరం వెనక్కి నడిచాడు. తొందరేమీ లేదు. కూతురు ఇప్పుడప్పుడే రాదు. నాలుగు వేలల్లో మొదటి బొమ్మ దగ్గరే ఉండి ఉంటుంది.